ఏ కాలపు అలంకారం? ముంబై రాయల్ ఒపెరా హౌస్ పునరుద్ధరణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ముంబైలోని రాయల్ ఒపెరా హౌస్ 1911లో ప్రారంభమై, 1993లో మూతబడి, 2016లో తిరిగి తెరుచుకొన్నది. దాని లోపలి అలంకరణ ఇప్పుడు ఎంతో ప్రశంసలు పొందుతున్నది. ఈ అలంకరణను 20వ శతాబ్ది తొలిపాదపు యథాతథ అవశేషంగా చూడటం చారిత్రకంగా సరిపోదనీ, ఒక కాలాన్ని ఎంచుకొని మరొక కాలాన్ని పక్కనపెట్టిన నిర్ణయం అందులో ఉన్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ నిర్ణయాన్ని నాటక, సినిమా చరిత్రల వెలుగులోనూ, తెలుగు రంగస్థలానికి ఆ నగరంతో ఉన్న సంబంధం వెలుగులోనూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రాయల్ ఒపెరా హౌస్, ప్రేక్షాగృహం, బరోక్ అలంకరణ, పునరుద్ధరణ, పార్సీ నాటకం, సురభి, పీలా హౌస్.

1. ప్రవేశం

దక్షిణ ముంబైలో చర్నీ రోడ్డు స్టేషను దిగి తూర్పుకు నడిస్తే వజ్రాల వ్యాపారుల కార్యాలయాలు, దుకాణాల వరుసలు, ఎడతెగని వాహనాల రద్దీ. వాటి మధ్య బరోక్ శైలి ముఖభాగంతో రాయల్ ఒపెరా హౌస్ నిలబడి ఉంటుంది. లోపల అడుగుపెట్టిన సందర్శకుని చూపు సహజంగా పైకే పోతుంది. ముంగిటి హాలు మీద ఎనిమిది భాగాలుగా విభజించిన గుమ్మటం, కవులకూ నవలాకారులకూ నాటకకర్తలకూ నివాళిగా అందులో చేసిన అలంకరణ, కింద వేలాడే గాజు గుత్తిదీపాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి ప్రేక్షకశాలలోనికి వెళితే మూడు అంతస్తులలో ఎర్రని ఆసనాలు, బంగారు పూతతో మెరిసే గచ్చుపని, వేదికకు ఇరుపక్కల రాచఠీవితో పొడుచుకు వచ్చిన బాక్సులు. మొత్తం ఆసనాలు 575. పెద్ద నగరపు నాటకశాలకు ఇది చిన్న సంఖ్యే. అలంకరణ దట్టంగా అనిపించటానికి ఈ చిన్నతనమూ ఒక కారణం. ఏ కుర్చీలో కూర్చున్నా గోడ దగ్గరగానే ఉంటుంది.

మన దేశంలో మిగిలిన ఏకైక ఒపెరా భవనంగా దీనిని పేర్కొంటారు. 2017లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దీనికి 'అవార్డ్ ఆఫ్ మెరిట్' దక్కింది. ప్రశంసకు తగిన పనే అది. అయితే చరిత్ర విద్యార్థి ప్రశంసతో ఆగిపోవటానికి వీలులేదు. కళ్ల ఎదుట ఉన్న ఈ శోభ ఏ సంవత్సరానిది? 1911 నాటిదా, 1916 నాటిదా, 2016 నాటిదా? ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టి ఆ భవనంలో కూర్చున్న ఎన్ని తరాల ప్రేక్షకులకు చరిత్రలో చోటు దొరుకుతుందో తేలుతుంది.

2. కట్టినవారు, కట్టిన కాలం

ఈ భవనం ఆలోచన ఇద్దరిది. ఒకరు మారిస్ బ్యాండ్‌మన్. కలకత్తా కేంద్రంగా నాటక వ్యాపారం నడిపి, జిబ్రాల్టర్ నుంచి యోకొహామా వరకు ఓడరేవు నగరాల వెంట నాటక బృందాలను తిప్పిన నిర్వాహకుడు. రెండవవారు బొగ్గు దళారీ సంస్థకు అధిపతి అయిన పార్సీ వ్యాపారి జహంగీర్ ఫ్రాంజీ కరాకా. ఒకరి వద్ద ఆడించటానికి బృందాలున్నాయి, మరొకరి వద్ద పెట్టుబడి ఉన్నది. సంస్థానాధీశుల దానంతోనో ప్రభుత్వ నిధులతోనో లేచిన కళామందిరంగా దీనిని ఊహించుకొంటే పొరపాటవుతుంది. ఇది మొదటి నుంచి వ్యాపార భవనమే. దాని అలంకరణను కూడా ఆ దృష్టితో చూడాలి. టిక్కెట్టు కొన్న మనిషికి, తాను కొన్నది నాటకం ఒక్కటే కాదనీ, రెండు మూడు గంటల రాజభోగమనీ అనిపించటం ఆ గచ్చుపని బాధ్యత.

'ఒపెరా' అన్న పేరునూ యథాతథంగా తీసుకోనక్కరలేదు. బ్యాండ్‌మన్ బృందాలు ప్రధానంగా ఆడినవి ఇంగ్లండులో ఆనాడు ఆదరణ పొందిన తేలికపాటి సంగీత హాస్యనాటకాలు. ఇటాలియను ఒపెరా సంప్రదాయానికి అవి దూరపు చుట్టాలు మాత్రమే. ఒపెరా అనే మాట ఇక్కడ ప్రతిష్ఠావాచకం. 'రాయల్' అనే విశేషణం సంగతీ అంతే. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారుకు వచ్చిన అయిదవ జార్జి ఓడ దిగింది బొంబాయిలోనే. ఆ సంవత్సరమే ఆయన చేతుల మీదుగా ఈ భవనం ప్రారంభమైంది. అప్పటికి నిర్మాణం పూర్తికాలేదు. ప్రధాన నిర్మాణం 1912లో ముగిసినా, తరువాత మరికొన్నేళ్లపాటు చేర్పులు సాగాయి.

ఈ చిన్న వివరం తరువాతి చర్చకు ముఖ్యం. ప్రారంభోత్సవం నాటికే అసంపూర్ణంగా ఉండి, అనంతరం అంచెలంచెలుగా పెరిగిన భవనానికి 'మూలరూపం' అని చెప్పదగిన ఒక్క రోజంటూ లేదు.

3. అలంకారం చేసే పని

ముంగిటి హాలులోని గుత్తిదీపాలను 'సాన్ సూసీ' దీపాలంటారు. అవి డేవిడ్ ససూన్ కుటుంబం ఇచ్చినవి. బాగ్దాదు నుంచి వచ్చి బొంబాయిలో పత్తి, నల్లమందు వ్యాపారాలతో మహాసంపన్నులైన యూదు కుటుంబం అది. బైకళాలోని వారి భవంతి పేరు సాన్ సూసీ. ఆ భవంతి 20వ శతాబ్ది ఆరంభంలో మసీనా ఆస్పత్రిగా మారింది. ఒక కుటుంబపు నట్టింటి వెలుగు టిక్కెట్టు కొన్నవారందరికీ చెందే వెలుగైంది. చీనాతో సాగిన నల్లమందు వాణిజ్యాన్ని స్మరించకుండా ఆ గాజు తళుకును వర్ణించటం సగం వర్ణనే. ప్రేక్షాగృహ చరిత్రలు చాలావరకు ఆ సగంతోనే తృప్తిపడుతుంటాయి.

ప్రేక్షకశాలలోని అమరిక ఆనాటి సమాజాన్ని అంతస్తులుగా పేర్చింది. కింద పేము కుర్చీలు, బాక్సులలో సోఫాలు, పైన బాల్కనీ, ఆ పైన గ్యాలరీ. తెలుగు ప్రాంతాల సినిమాహాళ్లలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అనే తరగతులు ఎరిగిన పాఠకులకు ఈ అమరిక కొత్తగా అనిపించదు. ఒక్క తేడా గమనించదగినది. మన హాళ్లలో తక్కువ ధర టిక్కెట్టు తెరకు దగ్గరగా, నేల మీద ఉండేది. ఐరోపా నాటకశాలలో అది అందరికన్నా పైన, కప్పు కింద ఉండేది. వేదిక పక్కనున్న బాక్సు నుంచి నాటకం వాలుగా, అరకొరగా కనిపిస్తుంది. అయినా దాని ధర ఎక్కువ. అక్కడ కూర్చున్నవారు చూడటానికన్నా కనబడటానికి వచ్చినవారు. బాక్సుల అంచుల మీద బంగారు పూత దట్టంగా ఉండటానికి కారణం అదే. అది ఒక చట్రం, అందులోని బొమ్మ ప్రేక్షకుడే.

ఈ అలంకరణకు దృశ్యప్రయోజనంతోపాటు శ్రవణప్రయోజనమూ ఉన్నది. నున్నని చదును గోడ ధ్వనిని ఒకే దిశలో తిప్పికొడుతుంది. మాట మీద మాట పడి ప్రతిధ్వని రేగుతుంది. ఎత్తుపల్లాలున్న గచ్చుపని, వంకర తిరిగిన బాల్కనీ అంచులు, పొడుచుకు వచ్చిన బాక్సులు ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా విరిచి నలుదిక్కులా చల్లుతాయి. మెత్తని ఆసనాలు, ముఖమలు తెరలు మిగులు ధ్వనిని పీల్చుకొంటాయి. మైకులు లేని రోజులలో గ్యాలరీలో కూర్చున్నవానికి కూడా ప్రతి మాటా వినబడాలన్న లక్ష్యంతో ఇక్కడి కప్పును తీర్చారు. ఆ గచ్చును కేవలం విలాసమని కొట్టివేసే విమర్శ, నటుని గొంతు గ్యాలరీ దాకా ఎలా చేరిందో చెప్పలేదు. పందిరి నాటకాలలో ఈ సౌకర్యం లేకనే మన నటులు పద్యాన్ని ఎత్తుగడలోనే తారస్థాయికి లేపి, రాగాన్ని సాగదీసి, వెనుక వరుసను అందుకోవలసి వచ్చింది. తెలుగు పద్యనాటక గానశైలి మీద చర్చలలో ఈ భౌతిక కారణానికి తగినంత చోటు దక్కలేదు.

4. వేదిక మీద

బ్యాండ్‌మన్ 1922లో మరణించాడు. అప్పటికే భవనం దేశీయ ప్రదర్శనలకూ తెరుచుకొన్నది. మరాఠీ సంగీతనాటకం ఇక్కడ వెలిగింది. బాల గంధర్వ (నారాయణ శ్రీపాద రాజహంస, 1888-1967), మాస్టర్ దీనానాథ్ మంగేష్కర్ ఈ వేదిక మీద పాడినవారే. స్త్రీపాత్రధారణలో బాల గంధర్వకు మహారాష్ట్రలో ఉన్న స్థానం తెలుగుదేశంలో స్థానం నరసింహారావుది (1902-1971). సత్యభామగా, మధురవాణిగా స్థానం వారు కట్టిన చీర, పెట్టుకొన్న నగ జనం నోట కథలైనట్లే, బాల గంధర్వ చీరకట్టు మహారాష్ట్ర గృహిణులకు వరవడి అయింది. రాజు పేరు పెట్టుకొని ఇంగ్లీషు హాస్యనాటకాల కోసం లేచిన భవనంలో, చీరకట్టిన పురుషుడు నాట్యసంగీతం పాడుతుండగా జనం 'వన్స్‌మోర్' కొట్టారు. ఒపెరా అనే మాటకు పాటతో నడిచే నాటకం అన్నదే అర్థమైతే, ఆ భవనం తన పేరును సార్థకం చేసుకొన్నది మరాఠీ సంగీతనాటకంతోనే.

1944లో పృథ్వీరాజ్ కపూర్ స్థాపించిన పృథ్వీ థియేటర్స్ కూడా ఇక్కడ హిందుస్తానీ నాటకాలు ప్రదర్శించింది. అప్పటికి ఇది సినిమాహాలు. సినిమా ఆటలు లేని వేళల్లో, ఉదయం పూట నాటకాలు ఆడేవారు. ఆట ముగిశాక పృథ్వీరాజ్ స్వయంగా గుమ్మం వద్ద జోలె పట్టుకొని నిలబడి, ఏదో ఒక సత్కార్యానికి విరాళాలు స్వీకరించేవాడు. ఆ కాలపు ప్రేక్షకుల జ్ఞాపకాలలో గుమ్మటం కన్నా, గుత్తిదీపాల కన్నా ఎక్కువగా నిలిచినది ఆ జోలె.

5. తెర మీదికి

బొంబాయిలో 1931 మార్చి 14న గిర్గావ్‌లోని మెజెస్టిక్ సినిమాలో తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' విడుదలైంది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 6న తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' అదే నగరంలోని కృష్ణా సినిమా థియేటరులో మొదట ప్రదర్శితమైంది. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన ఆ చిత్రంలో సురభి నటులు నటించారు. అంటే తెలుగు నాటకం తెర మీదికి ఎక్కినది కూడా బొంబాయిలోనే.

రాయల్ ఒపెరా హౌస్ ఈ గాలికి ఎదురు నిలవలేదు. 1920లలోనే పాథే సంస్థ ఇక్కడ మూకీ చిత్రాలు వేసింది. 1935లో ఐడియల్ పిక్చర్స్ దీనిని పూర్తిస్థాయి సినిమాహాలుగా మార్చింది. సినిమాకు వాద్యబృందం కూర్చునే గుంట అక్కరలేదు. పక్కబాక్సులు అక్కరలేదు, సరికదా, పెద్ద తెరకు అవి అడ్డం. గొంతును మోసే పని లౌడుస్పీకరుకు చేరాక గచ్చుపనికి శ్రవణప్రయోజనం తగ్గింది. పక్కబాక్సులు పోయాయి. బరోక్ అలంకరణ మీద ఆనాటి కొత్త మోజైన ఆర్ట్ డెకో శైలి మార్పులు వచ్చి చేరాయి. 1952లో సౌరాష్ట్రలోని గోండల్ సంస్థాన రాజకుటుంబం ఈ భవనాన్ని కొన్నది. సినిమాలు సాగాయి. 1980లలో ఇంటింటికీ టెలివిజను, వీడియో క్యాసెట్టు వచ్చాక ఆదాయం క్షీణించి, 1993లో తలుపులు మూతబడ్డాయి.

ఇక్కడ అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రారంభం నుంచి సినిమాహాలుగా మారేవరకు 24 సంవత్సరాలు. సినిమాహాలుగా 58 సంవత్సరాలు. మూతబడి ఉన్నది 23 సంవత్సరాలు. నాటకశాలగా బతికిన తొలి జీవితమెంతో, చీకటిలో గడిపిన కాలమూ దాదాపు అంతే. ముంబై నగరవాసులలో అత్యధికులకు రాయల్ ఒపెరా హౌస్ అంటే సినిమాహాలు. ఒక తరానికి అది బస్టాపు పేరు మాత్రమే. భవనం మూతబడినా చుట్టుపక్కల ప్రాంతమంతా 'ఒపెరా హౌస్' గానే పిలువబడుతూ వచ్చింది.

6. ఏ సంవత్సరానికి పునరుద్ధరణ?

పరిరక్షణ వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా పునరుద్ధరణ బాధ్యత వహించారు. 2012లో ప్రపంచ కట్టడాల నిధి తన ఆపన్న కట్టడాల జాబితాలో ఈ భవనాన్ని చేర్చింది. 2016 అక్టోబరులో ముంబై చలనచిత్రోత్సవం ప్రారంభసభ ఇక్కడే జరిగింది. మరునాడు బొంబాయిలో పుట్టిన సొప్రానో గాయని పట్రీషియా రొజారియో కచేరీతో భవనం తన పేరుకు తగిన గొంతును మళ్లీ విన్నది. సినిమా కోసం వచ్చిన మార్పులను తొలగించుకొన్న భవనంలో మొదటి అతిథి సినిమాయే కావటం చరిత్ర ఆడిన చిన్న పరిహాసం.

పునరుద్ధరణలో వేదిక, వాద్యబృందపు గుంట, పక్కబాక్సులు తిరిగి రూపొందాయి. కూల్చినవాటిని మళ్లీ నిలబెట్టటానికి పాత ఛాయాచిత్రాలే దిక్కు. ఈ రకమైన పనిలో ఆధారాల స్వభావాన్ని అర్థం చేసుకోవటం పరిశోధకులకు అవసరం. నలుపు తెలుపు ఛాయాచిత్రం రూపాన్ని చెబుతుంది, రంగును చెప్పదు. గోడ మీది రంగును పొరపొరగా గీకితే అడుగున ఉన్న వర్ణం బయటపడుతుంది, కాని కూలిపోయిన గోడ రూపం దానివల్ల తెలియదు. మిగిలిన గచ్చుముక్క నుంచి అచ్చు తీసి పోయిన భాగాన్ని పోతపోయవచ్చు. ముక్కే మిగలని చోట ఎదుటి పక్క ఉన్నదానిని చూసి ఊహించాలి. ఛాయాచిత్రం, రంగుపొర, మిగిలిన ముక్క మూడూ ఒకే సంవత్సరానివి కావు. వాటిని కలిపి కుట్టిన గది, ఆ రూపంలో ఆ రంగుతో ఏ ఒక్క రోజునైనా నిజంగా ఉన్నదని రూఢిగా చెప్పటం ఏ పునరుద్ధరణలోనైనా కష్టమే.

ఈ చిక్కు కొత్తది కాదు. 19వ శతాబ్దిలోనే ఫ్రాన్సులో వియొలే ల్యుదుక్ పునరుద్ధరణ అంటే ఎన్నడూ లేని సంపూర్ణతకు భవనాన్ని చేర్చటమేనని ఒప్పుకొన్నాడు. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లోనే దానిని అబద్ధమని నిరసించాడు. 1964 నాటి వెనిస్ ఒప్పందం మధ్యేమార్గం పట్టి, కట్టడానికి అన్ని కాలాలూ చేర్చినవాటిని గౌరవించాలనీ, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలనీ నిర్దేశించింది. వెనిస్ నగరంలోనే లా ఫెనీచే నాటకశాల 1996లో కాలిపోయినపుడు, ఎక్కడ ఉన్నదో అక్కడే, ఎలా ఉన్నదో అలాగే కట్టాలని నిశ్చయించి, 2003 చివరకు తిరిగి తెరిచారు. మన దేశంలో ఇంటాక్ సంస్థ 2004లో వెలువరించిన ఒప్పందం మరొక కోణం చూపింది. చేతిపని సంప్రదాయం ఇంకా బతికి ఉన్న దేశంలో, శిల్పి చేతితో పాతదాన్ని మళ్లీ చేయటం నకలు కిందికి రాదని, అది పరంపర కొనసాగింపేనని దాని సారాంశం. జీర్ణోద్ధరణ అనే మాట మన ఆలయాల విషయంలో ఎంతో కాలంగా ఈ అర్థంలోనే వాడుకలో ఉన్నది.

ఒపెరా హౌస్‌కు ఏ కొలమానం వాడాలి? ఇంటాక్ దృష్టి ప్రకారం కొత్త బాక్సులకు అభ్యంతరం లేదు. గచ్చుపని, పూతపని తెలిసిన చేతులు మన దేశంలో ఇంకా ఉన్నాయి. వాటికి పని దొరకటమే ఒక పరిరక్షణ. వెనిస్ ఒప్పందపు మొదటి షరతు ప్రకారం మాత్రం ఇబ్బంది ఉన్నది. 1935 నాటి మార్పులు కూడా ఒక కాలం చేర్చినవే. ఆర్ట్ డెకోను బొంబాయి ఎంతగా తన సొంతం చేసుకొన్నదంటే, మెరీన్ డ్రైవ్ ప్రాంతపు విక్టోరియన్, ఆర్ట్ డెకో భవనసముదాయం 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. అదే నగరంలో ఒక చోట వారసత్వమైన శైలి, కొద్ది దూరంలోని మరొక చోట తొలగించవలసిన చేర్పు అయింది.

అయినా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టటం న్యాయం కాదు. సజీవ ప్రదర్శనకు వేదిక కావాలి, గుంట కావాలి, ధ్వనిని చల్లే గోడ కావాలి. సినిమాహాలుగా నిలబెడితే ఒంటితెర థియేటర్ల ఆర్థికపతనం మధ్య ఆ భవనం మళ్లీ మూతబడేది. కోల్‌కతాలోని స్టార్ థియేటర్ గతి ఇందుకు పోలికగా నిలుస్తుంది. 1991లో అగ్నిప్రమాదానికి గురైన ఆ నాటకశాలను 2004లో తిరిగి తెరిచినపుడు, ముఖభాగాన్ని పాత తీరులో నిలిపి, లోపలిని ఆధునికంగా కట్టారు. వీధిలో నిలబడి చూసేవారికి వారసత్వం దక్కింది, కుర్చీలో కూర్చున్నవారికి దక్కలేదు. ఒపెరా హౌస్ విషయంలో లోపలి భాగాన్నే ప్రాణంగా భావించారు. నాటకశాల విషయంలో అదే సరైన దృష్టి. అభ్యంతరం ఒక్కటే. అలంకారం చెప్పే కథలో 24 సంవత్సరాలకు దక్కిన చోటు 58 సంవత్సరాలకు దక్కలేదు. ఆ అంతరాన్ని భవనం పూరించలేదు. చరిత్రకారులే సినిమా టిక్కెట్లు, ప్రకటనలు, లైసెన్సు కాగితాలు వెదికి పూరించాలి.

7. పీలా హౌస్ వైపు

ఒపెరా హౌస్ నుంచి ఉత్తరంగా కొంత దూరం నడిస్తే గ్రాంట్ రోడ్డు వస్తుంది. బొంబాయి ఆధునిక నాటకరంగం పుట్టిన చోటు అది. జగన్నాథ్ శంకర్‌సేఠ్ చొరవతో 1846లో అక్కడ వెలసిన నాటకశాలలో, 1853లో విష్ణుదాస్ భావే మరాఠీ నాటకాలు ఆడాడు. ఆ సంవత్సరమే పార్సీ నాటక ప్రదర్శనలూ మొదలయ్యాయి. తరువాతి దశాబ్దాలలో గ్రాంట్ రోడ్డు చుట్టూ నాటకశాలలు వరుసగా లేచాయి. ఆ వాడకు 'ప్లే హౌస్' అని పేరు వచ్చింది. జనం నోట అది 'పీలా హౌస్' అయింది. దానిని ఆనుకొనే కామాఠీపుర ఉన్నది. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి, భవననిర్మాణ కూలీలుగా, మేస్త్రీలుగా బొంబాయిని కట్టిన తెలుగు కామాఠీల పేరు మీదుగా వచ్చిన పేరది.

తెలుగు నాటకానికి పార్సీ సంప్రదాయంతో ఉన్న సంబంధం సాహిత్యచరిత్రలలో ప్రసిద్ధమే. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమహేంద్రవరంలో పాకలు వేసి హిందీ నాటకాలు ఆడి వెళ్లాక, ఆ స్ఫూర్తితో కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థుల చేత తెలుగు నాటకాలు ఆడించారు. మచిలీపట్నంలో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందుస్తానీ నాటకాలు రాశారు. పార్సీ మట్లు తెలుగు నాటకాలలోకి ప్రవహించాయి. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో 'కీచకవధ'తో ప్రస్థానం ఆరంభించిన వనారస గోవిందరావు సమాజం, చిత్రించిన తెరలను, మాయాదృశ్యాలను తన ముద్రగా చేసుకొన్నది. ఆ తెరలకూ ఆ మాయలకూ పార్సీ నాటకశాలతో ఉన్న బంధుత్వాన్ని రంగస్థల చరిత్రకారులు గుర్తించారు.

ఇక్కడ రెండు రకాల అలంకారాలు ఎదురవుతాయి. ఒపెరా హౌస్‌లో రాజప్రాసాదం గోడలకే అతుక్కొని ఉన్నది. నాటకం మారినా అది మారదు. సురభిలో రాజప్రాసాదం తెర మీద ఉన్నది. చుట్టి బండి మీద వేసుకొని మరో ఊరికి తీసుకుపోవచ్చు. అరణ్యం, రాజవీధి, దర్బారు, కైలాసం అన్నీ గుడ్డ మీద రంగులే. తెలుగు రంగస్థలానికి అలంకృతమైన భవనాలు తక్కువ. దాని శిల్పసంపద అంతా గుడ్డ మీద, చెక్కమీద, నటుల ఒంటి మీద ఉండి ఊరూరా తిరిగింది. భవనానికి వారసత్వ హోదా ఇచ్చే నిబంధనలు మనకు ఉన్నాయి. బొంబాయిలో అవి 1995లోనే వచ్చాయి. చుట్టిపెట్టిన తెరకు అటువంటి హోదా ఎలా ఇవ్వాలో, చిరిగినపుడు ఏ కాలపు రంగుతో పూరించాలో చెప్పే పద్ధతిని తెలుగు విశ్వవిద్యాలయాల రంగస్థల కళాశాఖలు ఇంకా చర్చకు పెట్టవలసి ఉన్నది. తెర మీది ప్రతి పాత పొర మీద కొత్త చిత్రకారుడు మళ్లీ రంగు వేస్తాడు. ఒపెరా హౌస్ గోడ మీద గీకి చూసినటువంటి పొరలే అవి. అక్కడ అడుగు పొరను మూలమన్నారు. సురభిలో పైపొరే ఇవాళ్టి నాటకం ఆడుతుంది.

పీలా హౌస్ నాటకశాలలు ఒక్కొక్కటిగా సినిమాహాళ్లయ్యాయి. పాత సినిమాలను తక్కువ టిక్కెట్టుకు వేస్తూ, కూలీలకూ వలసజీవులకూ నీడనిస్తూ చాలాకాలం నడిచాయి. వాటి గోడలకు గుత్తిదీపాలు ఇచ్చే దాతలు లేరు. అచ్చు తీసి పోతపోసే శిల్పులు ఆ వైపు రాలేదు. ఒపెరా హౌస్‌లో ప్రదర్శన ముగిసి, ఎర్రని కుర్చీల నుంచి లేచి, గుమ్మటం కింద కాసేపు నిలబడి ఫొటోలు తీసుకొన్నవారు బయటికి వచ్చి ట్యాక్సీ ఎక్కుతారు. గ్రాంట్ రోడ్డు వైపు పోవలసినవారు డ్రైవరుకు ఇప్పటికీ 'పీలా హౌస్' అనే చెబుతారు.